అలకచుక్క

మేడమీది గది,
డిసెంబరు 12.

బాబాయ్,

ఇవాళ పొద్దున్నే మొదటి వింత: అలకచుక్క అలిగింది!

నిజంగా. ఇంకా తెల్లారకముందే మేడెక్కాను. తూర్పున కిరీటంలాంటి ఆ చుక్కల వంపు, ఎవరో తొందరలో తలకి తగిలించుకున్నట్టు పక్కకి ఒరిగి లేచింది. పెద్దత్త బైనాక్యులర్స్ మెడలో వేసుకుని, ఆవిడ గీసిన పటం ఓ చేత్తో పట్టుకుని, పిట్టగోడకి మోచేతులు ఆనించి వెతికాను. పటంలో చూపించిన చోట చుక్క ఉంది. కానీ ఎంత నీరసంగా ఉందనుకున్నావ్! పిలిచినా పలకనట్టు, ఉందో లేదో తేలనట్టు. చుట్టుపక్కల చుక్కలన్నీ దానికంటే వెలుగే.

ఆస్పత్రిలో పెద్దత్త నాతో అన్న మాట నీకు ఇప్పటిదాకా చెప్పలేదు. కిటికీలోంచి ఎదుటి గోడ తప్ప ఏమీ కనిపించేది కాదు కదా, ఆ గోడవైపే చూస్తూ అంది: "అది ఇప్పుడు సూర్యుడి వెనక్కి పోయింది. చలికాలం పొద్దుల్లో తూర్పున మళ్ళీ వస్తుంది. నేను లేకపోతే నువ్వు చూడు. చూసింది రాయి."

చూశాను, రాశాను. ఆవిడ పోయిన రెండు నెలలకే, ఆవిడ జీవితమంతా కనిపెట్టుకుని ఉన్న చుక్క కూడా మొహం చాటేసింది. దీన్ని మించిన మాట ఇంకేముంటుంది బాబాయ్? చుక్కల సంఘం వాళ్ళు వాళ్ళ బులెటిన్ కోసం పెద్దత్త మీద స్మృతివ్యాసం అడిగారని చెప్పాను కదా. వారంనుంచీ మొదటి వాక్యం దగ్గరే కూర్చుంటున్నాను, లేస్తున్నాను, కిటికీ తీస్తున్నాను, మూస్తున్నాను. ఇవాళ అదే వచ్చి ఒళ్ళో వాలింది. వాళ్ళలో కొత్తవాళ్ళకి ఆవిడెవరో తెలియాలి కాబట్టి ఇలా రాశాను:

"మా పెద్దత్త కట్టుడుపళ్ళు చేసేది. పగలు పళ్ళు, రాత్రి చుక్కలు. నలభై ఏళ్ళపాటు ఆమె వెలుగు మారే చుక్కలని చూసి, వాటి వెలుగుకి అంకె వేసి మన సంఘానికి పంపింది. వాటిల్లో ఆమెకి ప్రాణమైనదాన్ని అలకచుక్క అనేది. అది ఏళ్ళ తరబడి ఒకేలా వెలుగుతుంది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా అలుగుతుంది. కొద్దివారాల్లోనే మసకబారి మాయమైపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో దాని ఇష్టం. ఈ శరత్తులో ఆమె వెళ్ళిపోయింది. ఆమె లేని ఆకాశంలో వెలగడం ఇష్టంలేక ఆ చుక్క కూడా అలిగి ఆరిపోయింది."

ఎలా ఉంది? చివరి వాక్యం పైకి చదువుకుని నేనే ఏడ్చాను.

నువ్వు ఆవిడ తమ్ముడివి. నాకు తెలియనివి చెప్పు. నాన్నని అడిగితే "అక్క అదో టైపు" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. ఫోన్ చేద్దామంటే, పెద్దత్త పేరెత్తగానే ఏడుపొచ్చేస్తోంది. పైగా నువ్వెప్పుడూ ఏ లిఫ్టు గుంటలోనో ఉంటావు. ఉత్తరమే రాయి.

నీ
మాటలపోగు


లిఫ్టు మెషీన్ గది,
డిసెంబరు 16.

మాటలపోగుకి,

ఉత్తరం అందింది. ఇదిగో, పదహారో అంతస్తు పైన, మోటారు పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చుని రాస్తున్నాను. లిఫ్టు కదిలినప్పుడల్లా అక్షరాలు ఎగురుతాయి, సర్దుకో.

అక్క గురించి అడిగావు. తను పని దగ్గర్నుంచి ఇంటికి ఒక కన్ను మూసుకుని నడిచొచ్చేది, తెలుసా? వీధి దీపాలు, కొట్ల వెలుగులు కంట్లో పడితే చీకటికి అలవాటు పడటానికి చాలాసేపు పడుతుందని, చుక్కలు చూసే కన్ను దాచుకునేది. మందుల కొట్టాయన కొన్నాళ్ళు అది తనకోసమే అనుకున్నాడు. ఓ రోజు తల నున్నగా దువ్వుకుని, కొత్త చొక్కా వేసుకుని, "మీరు రోజూ సైగ చేస్తున్నారు, నేనే ఆలస్యం చేశాను" అన్నాడట. అక్క రెండో కన్ను కూడా మూసుకుని ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత తలనొప్పి మాత్రలకి కూడా వేరే వీధికి పోయేది.

పళ్ళ సంగతి కూడా రాయి. కట్టుడుపన్ను పక్కపళ్ళ రంగులో కలిసిపోవాలి కదా. నమూనా పళ్ళ పెట్టె ముందు పెట్టుకుని, కిటికీ దగ్గర పేషంటుని కూర్చోబెట్టి, పన్ను పక్కన పన్ను పెట్టి చూసేది. "దీనికంటే తెలుపు, దానికంటే పసుపు, ఈ రెంటికీ నడుమ." చుక్కని చూడటమూ అంతే. ఇటొక తెలిసిన చుక్క, అటొక తెలిసిన చుక్క, నడుమ మనది. నేనోసారి అడిగాను, పేషంటు మొహం చూడవేంటక్కా, పాపం నోరు తెరుచుకుని నిన్నే చూస్తుంటారు అని. "మొహం చూస్తే వాళ్ళకి ఎంత తెల్లటి పన్ను కావాలో కనిపిస్తుంది. నాకు కావాల్సింది ఉన్న పన్ను రంగు" అంది.

నీ వాక్యం బాగుంది. మరీ బాగుంది.

ఒక పని చెయ్యి. ఆకాశం బాగున్న పొద్దున ఇంకోసారి మేడెక్కు. ముందు ఆ పటాన్ని బల్లమీద పరిచి, దాని చుట్టూ నాలుగు వైపులా ఓసారి తిరిగి చూడు. మొన్న ఏం చూశావో మర్చిపోయి చూడు. అప్పటిదాకా ఎక్కడికీ పంపకు.

పిన్ని అడిగానని చెప్పమంది.

బాబాయ్


మేడమీది గది,
డిసెంబరు 20.

బాబాయ్,

మందుల కొట్టాయన సంగతి చదివి ఒక్కదాన్నే పడిపడి నవ్వాను. ఇప్పుడు ఆయన కొడుకు కూర్చుంటున్నాడు. నిన్న దగ్గుమందుకి వెళ్ళి, పొరపాటున కన్ను కొట్టుకుంటుందేమోనని రెండు కళ్ళూ ఇంతేసి చేసుకుని నిలబడ్డాను. జ్వరమా అని అడిగాడు.

కానీ నీ మీద కొంచెం కోపంగా ఉంది. "మరీ బాగుంది" అంటే ఏంటి? కూరలో ఉప్పు మరీ బాగుంది అన్నట్టుంది. నేను చుక్క అలిగిందని రాస్తే పటం చుట్టూ తిరగమంటావు. అంత పెద్ద సంగతికి ఒక్క "అయ్యో" అనవు, "అలాగా" అనవు.

పైగా నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. నేను ఆ పొద్దునే చుక్కకి అంకె వేసి సంఘానికి పంపేశాను. పెద్దత్త కంప్యూటర్‌లో సంఘం పేజీ తెరిచే ఉంది, అంకెలు పంపడానికి సంఘం ఆవిడకిచ్చిన కోడు దాన్లో ఉండనే ఉంది. ఆవిడ చూడమన్న చుక్క, ఆవిడ బైనాక్యులర్స్, ఆవిడ పటం. ఆవిడ కోడుతోనే వెళ్ళడం న్యాయం అనిపించింది. అంకె చాలా పెద్దది పడింది. (చుక్క మసకబారేకొద్దీ అంకె పెరుగుతుందట, పరీక్ష ర్యాంకులాగా. ఇది వ్యాసంలో పెట్టనా?) పంపు అన్న బొత్తాం నొక్కుతుంటే ఆవిడ చెయ్యి నా చేతిమీద ఉన్నట్టే అనిపించింది.

ఇంకోసారి చూద్దామంటే వారంనుంచీ ఒకటే మబ్బు. అయినా ఒకసారి కళ్ళారా చూసింది చాలదా?

పెద్దత్త గదిలో కాలు నిలవడం లేదు. చదువుకుందామని కూర్చుంటే నమూనా పళ్ళ పెట్టె కనిపిస్తుంది. మూత తీస్తే వరసగా ఇన్ని పళ్ళు, నోరు లేకుండా నవ్వుతుంటాయి. మూసేస్తాను. చీకటికి అలవాటైన కన్ను చెదరకుండా దీపానికి ఆవిడ కట్టిన ఎర్రగుడ్డ విప్పుతాను, మళ్ళీ కడతాను. కుర్చీ ఇటు లాగుతాను, అటు లాగుతాను. కింద ఇంటావిడ పైకొచ్చి, "ఏమ్మా, పైన సామాను మారుస్తున్నావా, మనసు మార్చుకుంటున్నావా?" అని అడిగింది.

ఒకటి అడగనా? నువ్వూ పెద్దత్తా ఎప్పుడైనా పోట్లాడుకున్నారా? ఇంట్లో అందరూ అదే అంటారు. ఒకప్పుడు ఒకే మేడమీద పడుకుని చుక్కలు చూసేవాళ్ళట. తర్వాత నువ్వు దాని ఊసే ఎత్తలేదట. నీ ఉత్తరాలు ఆవిడ అలమరలో ఉన్నాయి. నేను చదవలేదు, కానీ ఆవిడే నాకు వినిపించేది. లిఫ్టు తాళ్ళు, పిన్ని మోకాళ్ళు, వాన. ఆకాశం ఒక్కసారీ లేదు. ఆవిడ చుక్కల్ని నువ్వు ఎందుకు వదిలేశావు?

మాటలపోగు


ఇల్లు, వంటగది బల్ల,
డిసెంబరు 24.

మాటలపోగుకి,

పోట్లాటా? అక్కతోనా? అక్కతో పోట్లాడితే గెలిచినవాడు లేడు, కాబట్టి నేనెప్పుడూ మొదలుపెట్టలేదు.

పంపేశావని చదివాక ఈ రెండు రోజులూ నాకు పని మీద ధ్యాస లేదు. నిన్న ఓ లిఫ్టుని మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆపేసి టీకి వెళ్ళిపోయాను. లోపల ఒకాయన ఉన్నాడు. మంచివాడు, "పర్లేదండీ, ఇంటికెళ్ళినా ఇంతే" అన్నాడు.

ఇంతకంటే నేను ఏమీ చెప్పలేను. చెప్పడం ఇష్టంలేక కాదు. మబ్బు విడవగానే మేడెక్కు. పటం చుట్టూ తిరగమన్నది ఉత్తినే అనలేదు.

బాబాయ్

(అమ్మడూ, పిన్నిని. మీ బాబాయి ఈ ఉత్తరాన్ని నాలుగుసార్లు చింపి రాశాడు. అక్కాతమ్ముళ్ళ సంగతి నన్నడుగు, చెప్తాను. మా పెళ్ళిభోజనాల ఫొటోలో అందరూ ఉన్నారు, మా ఆడపడుచు ఒక్కతే లేదు. ఏమైందంటే, ఆకాశం బాగుందని డాబా ఎక్కిందట! నేను ఆరోజునుంచీ ఆ చుక్కని సవతి లెక్కన చూస్తున్నా. బాగా తిను.)


మేడమీది గది,
డిసెంబరు 27.

బాబాయ్,

ఇది రాయడానికి నాకు మాటలు దొరకడం లేదు. నవ్వకు.

నిన్న సంఘం కార్యదర్శిగారి దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. పెద్దత్త కోడుతో వచ్చిన అంకె చూడగానే అలక మొదలైందని అందరికీ కబురు వెళ్ళిపోయిందట. వేరే ఎవరు పంపినా ఇంకొకళ్ళు చూసేదాకా ఆగేవాళ్ళట. ఆ కోడు చూసి ఎవరూ ఆగలేదు. ఎన్నో చోట్ల మనుషులు చలిలో మేడలెక్కారు. ఒక ముసలాయన జలుబుతో మంచం పట్టాడు. ఎక్కడో పెద్ద అబ్జర్వేటరీలో వేరే పని ఆపి మరీ దూరదర్శినిని దానివైపు తిప్పారట.

చుక్క ఎప్పటిలాగే వెలుగుతోంది, బాబాయ్. నిక్షేపంలా ఉంది. అలగలేదు, ఏమీ లేదు.

కార్యదర్శిగారు ఒక్క గట్టి మాట అనలేదు. అదే నన్ను చంపేస్తోంది. "ఆవిడ మన మధ్య లేరని నాకు తెలుసు కనుక ఇది ఇంట్లోవాళ్ళెవరో ప్రేమతో చేసి ఉంటారని ఊహిస్తున్నాను. మీరు ఊఁ అంటే నిశ్శబ్దంగా తీసేస్తాం. ఆవిడ మీద గౌరవంకొద్దీ ఎవరూ ఏమీ అడగరు" అని రాశారు.

అప్పుడు పటాన్ని బల్లమీద పరిచాను. చుట్టూ తిరిగాను. ఒకవైపు నిలబడితే పై అంచున, పెన్సిలుతో, చిన్న బాణం కనిపించింది. పైకి చూపించే బాణం. పక్కన "దక్షిణం" అని ఉంది. పైన ఉత్తరం కదా ఉండాలి! ఎంతసేపు చూశానో. పెద్దత్త గొట్టం దూరదర్శినిలో ఆకాశం తలకిందులుగా కనిపిస్తుందని ఆవిడే ఎప్పుడో చెప్పింది. పటం కూడా దానికి తగ్గట్టే తలకిందులుగా గీసుకుంది. ఆ గొట్టం నేనొక్కదాన్నే మోయలేక బైనాక్యులర్స్ తీసుకెళ్ళాను. వాటిల్లో ఆకాశం నిటారుగానే ఉంటుంది. నేను తలకిందుల పటం పట్టుకుని నిటారు ఆకాశంలో వెతికాను. ఏదో దారినపోయే చుక్కని పట్టుకుని, నువ్వే మా అలకచుక్కవి, అలిగావు అన్నాను. పాపం, అది పుట్టినప్పట్నుంచీ అంతే వెలుగుతోందేమో.

పిట్టగోడ దగ్గర ఒక్క నిమిషం నాకూ అనుమానం వచ్చింది, బాబాయ్. పటంలో ఒక చుక్క సరిపోలేదు. సర్దుకున్నాను. ఎందుకంటే అప్పటికే నా తలలో వాక్యం తయారైపోయింది. మొహం చూసి పన్ను రంగు చెప్పాను.

నలభై ఏళ్ళ వరసలో ఆవిడ పేరు కింద ఆఖరి అంకె ఇప్పుడు నాది. అబద్ధం అంకె.

నీకు తెలుసు కదా? మొదటి ఉత్తరంలోనే పటం చుట్టూ తిరగమన్నావంటే నీకు తెలుసు. ఎలా తెలుసో నాకు తెలీదు. తెలిసీ లిఫ్టులూ డబ్బాలూ అంటూ కబుర్లు రాశావు. ఒక్క వాక్యం, "పిచ్చిదానా, చుక్క బాగానే ఉంది" అని రాస్తే నీ కలం అరిగిపోయేదా?

ఊఁ అనేయాలని ఉంది. తీసేయమని చెప్పేసి, దుప్పటి కప్పుకుని, వ్యాసం రాయలేనని ఇంకో ఈమెయిల్ పెట్టేసి, ఇక ఎవరి గురించీ ఏమీ రాయకుండా ఉండాలని ఉంది.

నీ మీద కోపం తగ్గలేదు.


లిఫ్టు మెషీన్ గది,
డిసెంబరు 31.

అమ్మడూ,

పేరు కూడా పెట్టకుండా రాశావు. అంత కోపం మంచిదే, చలికి పనికొస్తుంది.

తెలుసు. నువ్వు చూసిన ఆ వారంలోనే నేనూ చూశాను. ఈ పదహారో అంతస్తు మీదనుంచి, అక్క పంపిన పాత బైనాక్యులర్స్‌తోనే. అలకచుక్క ఎప్పటిలాగే ఉంది. అక్క పటాలు తలకిందులుగా గీసుకుంటుందనీ నాకు తెలుసు. నేను చుక్కల్ని వదిలేయలేదు. ఎక్కడ లిఫ్టు పాడైనా మొదట పరిగెత్తేది నేనే అని కంపెనీలో పేరు. ఎందుకనుకున్నావ్? డాబా తాళం ఇస్తారు.

మరి ఎందుకు చెప్పలేదంటే, విను.

నాకు కొత్తగా మీసాలొస్తున్న రోజుల్లో అక్క నాకు ఈ పని నేర్పింది. ఇద్దరం ఒకే మేడమీద, చెరో కాగితం. తన లెక్క తప్పదు, నా లెక్క కుదరదు. ఓ వారంపాటు తన కాగితంలోకి తొంగిచూసి, దానికి కాస్త అటూ ఇటూగా వేశాను. తను పట్టేసింది. తిట్టలేదు. నా కాగితం మడిచి నా జేబులో పెట్టి, "నా కళ్ళు నాకున్నాయిరా. నాకు కావాల్సింది నీవి" అంది. ఆరోజునుంచీ మా ఇద్దరికీ ఒకటే కట్టుబాటు. చూసింది సంఘానికి పంపాలి, ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోకూడదు. బులెటిన్‌లో అచ్చయ్యాక చూసుకోవాలి. ఈ ఊరొచ్చేశాక కూడా అంతే. చుక్క ఊసెత్తితే ఏదో ఒకటి జారిపోతుందని, అసలు ఆకాశం గురించే రాసుకోవడం మానేశాం. మీరంతా పోట్లాట అనుకున్నది అదీ.

ఒకేఒక్కసారి, మేమిద్దరం ఒకచోట ఉండగా ఆ చుక్క నిజంగా అలిగింది. నా పెళ్ళిరోజుల్లో. అక్క భోజనాల మధ్యలో డాబా ఎక్కడం చూశాను. నాకు కూర్చోబుద్ధి కాలేదు. కాసేపాగి నేనూ లేచాను. డాబామీద ఆ మూల తను, ఈ మూల నేను. ఇద్దరం చూశాం. తన నడుం ఒక్కసారి నిటారుగా అవ్వడం చీకట్లోనే తెలిసింది. అయినా ఒక్క మాట అనుకోలేదు. దిగొచ్చేశాం. పిన్ని ఎక్కడికెళ్ళావంటే, హాలు లిఫ్టులో ఏదో చప్పుడొస్తోంది, చూసొచ్చానన్నాను. ఆ హాలుకి లిఫ్టే లేదు. పిన్ని ఇప్పటికీ ఫొటోలో అక్క లేదనే అంటుంది. నేనూ లేనని తను ఇంకా గమనించలేదు.

నెలల తర్వాత బులెటిన్ వచ్చింది. తన అంకె, నా అంకె, పక్కపక్కనే, ఇంచుమించు ఒకటే. ఆ వారం అక్క కార్డు రాసింది. దాన్లో రెండే మాటలు: "బులెటిన్ చూశాను. మఫ్లర్ కట్టుకో."

నాకు అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఎవరూ ఇవ్వలేదు.

అందుకని నీకు చెప్పలేదమ్మా. "చుక్క బాగానే ఉంది" అని రాస్తే, మర్నాడు నువ్వు నా కళ్ళతో చూసేదానివి. పటం చుట్టూ తిరగమన్నానే, అదే నేను దాటగలిగినంత గీత. అదీ దాటానేమోనని ఇప్పటికీ మనసులో పీకుతోంది. నువ్వు అప్పటికే పంపేశావని తెలియక, నీకు ఇంకా టైముంది కదా అనుకున్నాను. ఆ ఒక్కటీ నా లెక్క తప్పు.

ఇక తీసేయించాలా వద్దా. అక్కయితే ఏం చేసేదో చెప్తాను, ఆపైన నీ ఇష్టం. ఒకసారి మబ్బుచాటు చుక్కకి తప్పు అంకె వేసి పంపింది. రబ్బరుతో చెరపలేదు. పక్కనే "పొరపాటు, మబ్బు" అని రాయించింది. నేను అడిగితే, "చెరిపేస్తే అక్కడ నేను లేనట్టే కదరా" అంది.

ఏడవడానికి సిగ్గుపడకు. నేను లిఫ్టు గుంటలో ఏడుస్తాను, పైకి వినపడదు.

బాబాయ్

(ఇప్పుడే చదివాను. ఫొటో కూడా తీసి చూశాను. ఇంటికి రానీ చెప్తాను. – పిన్ని)


మేడమీది గది,
జనవరి 5.

బాబాయ్,

బతికే ఉన్నావా? పిన్ని ఏం చేసిందో రాయి.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను. "నా కళ్ళు నాకున్నాయిరా" దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. ఆస్పత్రిలో ఆవిడ "చూసింది రాయి" అన్నప్పుడు నేను "రాయి" అన్న మాటే పట్టుకున్నాను.

కార్యదర్శిగారికి ఇలా రాశాను: "ఆ అంకె మా పెద్దత్తది కాదు, నాది. దయచేసి తీసేయకండి. ఆవిడ పేరు కిందనుంచి తీసి నా పేరు కింద పెట్టండి. నాకు కోడు లేదు, ఒకటి ఇవ్వండి. పక్కన ఇలా రాయండి: పటం తలకిందులు, వేరే చుక్క." పంపడానికి ముందు గదిలో ఎంత తిరిగానంటే కింద ఇంటావిడ చీపురుకర్రతో కప్పు మీద కొట్టింది.

సాయంత్రానికే జవాబు. నాకు కోడు ఇచ్చారు. పెద్దత్త వరస ఇప్పుడు ఆవిడ ఆస్పత్రికి వెళ్ళేముందు, పడమట దిగిపోతున్న చుక్కని చూసి పంపిన అంకెతోనే ఆగింది. అది నిజం అంకె. నా వరస తప్పుతో మొదలైంది. లోకంలో ఎవరు తెరిచి చూసినా నా పేరు కింద మొట్టమొదట కనిపించేది అదే. అయినా ఎందుకో నిన్నటికంటే బాగా ఊపిరాడుతోంది. జలుబు చేసిన ముసలాయనకి క్షమాపణ రాశాను. "చాలాకాలం తర్వాత అంత పొద్దున్నే లేచాను, ఆకాశం బ్రహ్మాండంగా ఉంది, థాంక్స్" అని రాశాడాయన!

వ్యాసంలో ఆ వాక్యం కొట్టేశాను. చెయ్యి రాలేదు, అయినా కొట్టేశాను. చుక్క అలగలేదు కాబట్టి అది వాక్యం కాదు. ఇప్పుడు ఇలా మొదలవుతుంది:

"మా పెద్దత్త పేషంటు మొహం చూడకుండా పన్ను రంగు చూసేది. మొహం చూస్తే వాళ్ళకి కావాల్సిన రంగు కనిపిస్తుందని ఆవిడ భయం. నలభై ఏళ్ళు చుక్కల్నీ అలాగే చూసింది. ఆవిడ పోయాక కూడా ఆవిడకి ఇష్టమైన చుక్క ఎప్పటిలాగే వెలుగుతోంది. ఆవిడకి తెలిస్తే సంతోషించేది, ఎందుకంటే అది నిజం."

బాగుందా? మరీ బాగుంటే చెప్పు, ఇంకొంచెం కొట్టేస్తాను.

ఒకటే దిగులు. తప్పు తెలిశాక నేనింకా మేడెక్కలేదు. రోజూ అలారం మోగుతుంది, ఆపి పడుకుంటున్నాను. అది బాగానే ఉందని అందరూ చెప్పేశారు కదా, ఇక నేను చూసేది నా కళ్ళతోనా, వాళ్ళ కళ్ళతోనా?

మాటలపోగు


మేడమీది గది,
జనవరి 11.

బాబాయ్,

దీనికి స్టాంపు లేదు. నువ్వు కింద ఇంటావిడ ఇచ్చిన గదిలో అప్పుడే గురక మొదలుపెట్టావు, ఇక్కడికి వినిపిస్తోంది. తలుపు కిందనుంచి తోసేస్తున్నాను.

నా ఉత్తరానికి జవాబు రాయకుండా పిన్నిని వెంటేసుకుని రైలెక్కి వచ్చేస్తావని అనుకోలేదు. "ఆ సవతిని నేనూ ఓసారి కళ్ళారా చూడాలి" అంటూ పిన్ని మెట్లెక్కి వస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెద్దత్త కుర్చీలో తను కూర్చుంటే ఇన్నాళ్ళకి ఆ కుర్చీ ఒకచోట నిలబడింది.

భోజనాల దగ్గర పిన్ని, "నిన్న పొద్దున మీ బాబాయి ఆ డాబా దిగొస్తూ ఒకటే గొణుగుడు, చుక్క ఏదో..." అనగానే నువ్వు "చెప్పకు!" అని అరిచావు, నేను చెవులు మూసుకున్నాను. పిన్ని గరిటె జారవిడిచింది. "ఈ ఇంట్లో అందరూ ఒకటే టైపు" అంది.

కానీ నీ మొహం చూశాను, బాబాయ్. చూడకూడదని తెలిసీ చూశాను. దాన్లో ఏదో ఉంది. అలిగిందో, అలగలేదో, లేక నా వెంపర్లాట చూసి నవ్వొచ్చిందో తెలియదు. మర్చిపోవడానికి ప్రయత్నిస్తున్నాను. అందరూ బాగుందని చెప్పి ఎన్నో రోజులైంది. ఈలోగా ఏమైనా అయి ఉండొచ్చు, కాకపోయి ఉండొచ్చు. ఎవరి మాటా ఇవాళ్టికి పనికిరాదు. అంటే మిగిలింది చూడటమే కదా.

ఆకాశం తేటగా ఉంది. పటం తిప్పి కొత్తగా గీసుకున్నాను, ఉత్తరం పైకి పెట్టి, బైనాక్యులర్స్‌కి సరిపోయేలా. దీపానికి ఎర్రగుడ్డ కట్టాను. ఇక విప్పను.

రేపు పొద్దున ఐదింటికి నీ తలుపు తడతాను. పిన్నికి దుప్పటి తీసుకురా. మేడమీద ఆ మూల నువ్వు, ఈ మూల నేను, మధ్యలో పిన్ని. మఫ్లర్ కట్టుకో. ఏం కనిపించిందో నాకు చెప్పకు.

మాటలపోగు